పాడుపెట్టిన ఇల్లు

గంగరాజు పోయిన నక్షత్రం మంచిది కాదని జగన్నాధం పంతులు వేళ్ళ కణుపులు లెక్కపెట్టి చెప్పగానే నీలవేణి ఏడుపు టక్కున ఆగిపోయింది. మామ కోసం ఏడ్చే తీరిక పోయి భయం పట్టుకుంది. ధనిష్ఠలో పోయాడట. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలట. అంటే, ఉన్న మనుషులంతా బయటికి వచ్చేసి తలుపులు మూసేయాలి. పొయ్యి వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు, ఎంత అవసరం పడినా ఎవరూ గడప దాటి లోపలికి పోకూడదు.

"పాడెట్టకపోతే ఏటవుతాది పంతులుగారూ?" అని అడిగింది.

"ఆ ఇంట్లోంచి ఇంకో ప్రాణం లేచిపోతుందమ్మా," అన్నాడు పంతులు కండువా సర్దుకుంటూ. "కొడుక్కి అసలు మంచిది కాదు."

గంగరాజుకి ఉన్నది ఒక్కడే కొడుకు, ఎల్లాజీ. నీలవేణికి మేనమామ కొడుకు, మొగుడు, చిన్నప్పుడు ఇసుకలో పీతలు పట్టిచ్చిన బావ. పంతులు ఆ ముక్క ఎంత మామూలుగా అన్నాడో, అది నీలవేణి గుండెలో అంత లోతుగా దిగబడింది. ఆ రోజు నుంచి ఆమెకు లోకంలో ఒకటే పని. ఆ ఇంటి తలుపు తెరుచుకోకూడదు, ఎల్లాజీకి ఏమీ కాకూడదు.

ఎల్లాజీ నవ్వేశాడు. సముద్రం మీద తిరిగే మనిషికి నక్షత్రాలంటే దారి చూపించేవే తప్ప ప్రాణం తీసేవి కావు. "మా అయ్యని తీసుకెల్లింది దనిస్ట కాదే, బీపీ," అన్నాడు. అది నిజమే. కిందటి వానాకాలంలో గంగరాజుకి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. అప్పుడే శ్రీకాకుళం డాక్టరు ఎల్లాజీ చేతికి కూడా పట్టీ చుట్టి చూసి, నీకూ బీపీ ఉంది, రోజూ బిళ్ళ వేసుకోమని చెప్పాడు. నాలుగు రోజులు వేసుకుని మానేశాడు. బోటు మీద అందరి ముందూ బిళ్ళ మింగితే ముసిలోడంటారని సిగ్గు. సిగ్గుతో ప్రాణం మీదికి తెచ్చుకునే మగవాళ్ళకి ఆ తీరంలో కొదవ లేదు.

దినం అయిన మర్నాడే ఇల్లు మూశారు. తుఫాను తర్వాత కట్టిన రెండు గదుల స్లాబు ఇల్లు. ఒకవైపు ఖాళీ జాగా, ఇంకోవైపు గుజరాత్ పోయి వీరావళ్ళో బోట్లెక్కడానికి పిల్లాజెల్లాతో పోయినవాళ్ళ ఇల్లు, దానికీ తాళమే. కిటికీ రెక్కలు లోపలి నుంచి గడియ పెట్టి, వీధి తలుపుకి పెద్ద తాళం, పెరటి తలుపు గొళ్ళేనికి చిన్న తాళం వేసి, రెండు గడపలకీ అడ్డంగా తుమ్మకంప పెట్టింది నీలవేణి. పెద్ద తాళంచెవి మొలతాడుకి కట్టుకుంది. వీధి చివర గురమ్మ ఇంటి పక్కన రేకుల పాకలోకి మారారు, ఎల్లాజీ, తను, ఇంటర్ చదువుతున్న కూతురు యమున.

గురమ్మ ఎల్లాజీకి వరసకి అత్త. గెడ్డపాలెంలో ఎవరి ఇంట ఏ మంచీ చెడ్డా జరిగినా ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో చెప్పే పెత్తనం ఆమెది. ఒకరోజు స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి, తాళాలేసుకుని ఊళ్ళకెళ్ళేవాళ్ళు ముందే చెబితే ఇంట్లో కెమెరా పెడతామని వీధి వీధికీ చెప్పి వెళ్ళాడు. నీలవేణి ఇల్లు చూపించి గురమ్మ పకపకా నవ్వింది. "ఆ ఇంటికి నీ కెమెరా ఎందుకు బాబూ? పాడెట్టిన ఇంట్లోకి దొంగన్నోడు కూడా కాలెట్టడు. నోపల మా గంగరాజు కాపలా ఉన్నాడు."

కానిస్టేబుల్ కూడా నవ్వి, తుమ్మకంపకి కాస్త దూరంగా బండి తిప్పుకుని పోయాడు.

అయినా నీలవేణి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి తాళాలు లాగి చూసుకునేది. దొంగల భయం కాదు. ఎల్లాజీ భయం. అతను ఏదో ఒక వంకతో లోపలికి దూరుతాడని ఆమెకు అనుమానం, ఆ అనుమానం ఊరికే రాలేదు. విశాఖ హార్బర్ నుంచి దేవేంద్ర బోటు వేటకి వెళుతుందని కబురొచ్చిన సాయంత్రం, అన్నం తింటూ ఎల్లాజీ మెల్లగా మాట తీశాడు.

"నా గుర్తింపు కార్డు నోపల ఉండిపోనాదే. గూట్లో, అమ్మోరి పటం ఎనకాల. అది నేకపోతే ఇప్పుడు బోటెక్కనివ్వట్లేదు. రెండు నిమసాలు, ఇలాగెల్లి అలాగొచ్చేస్తాను."

నీలవేణి చేతిలోని గరిటె కంచంలో పడేసింది. "ఆ గడప దాటితే నా సవాన్ని దాటినట్టే. యమున మీద ఒట్టు."

"ఒలే, ఒట్లెందుకే ఈపాటి దానికి?"

"నాకు నువ్వు బతికుండాలి. కార్డు ఇంకోటి వొస్తాది, నువ్వు వొస్తావేటి?"

ఎల్లాజీ ఆమె మొహం చూసి తగ్గాడు. సరేలే, దేవేంద్ర నన్ను ఎరగడా, ఎలాగో ఎక్కించుకుంటాడులే అన్నాడు. అంత తేలిగ్గా ఎల్లాజీ దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి నీలవేణి ఆ పూట మరిచిపోయింది. మరిచిపోవాలనిపించింది కాబట్టి మరిచిపోయింది.

మర్నాడు పొద్దున ధనరాజ్ ఆటోలో ఎల్లాజీ బయల్దేరాడు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. నడిసముద్రంలో అది ఎందుకూ పనికిరాదని ఎప్పటిలాగే యమున దగ్గర వదిలేశాడు. "రెండు వారాల్లో వొచ్చేస్తాను. యమున గుంటని సదూకోనీ, పనులు సెప్పకు," అని ఆటోలోంచి తల బయటపెట్టి అన్నాడు. ఆటో సరుగుడు తోట మలుపు తిరిగేదాకా నీలవేణి వీధి మొగలో నిలబడింది. మనిషి సముద్రం మీదికి పోతున్నాడంటే ఎప్పుడూ ఉండే దిగులు ఆ రోజు లేదు. ఇంటికి దూరంగా పోతున్నాడు, ఇక తలుపు జోలికి రాడు అని మనసు తేలికపడింది.

మధ్యాహ్నం చేపలు ఎండబెట్టడం అయ్యాక పెరటివైపు వెళ్ళి చూస్తే కంప పక్కకి జరిపి ఉంది. గొళ్ళెం తీసి ఉంది. చిన్న తాళం నోరు తెరుచుకుని రింగుకి వేలాడుతోంది. తలుపు మాత్రం దగ్గరగా వేసే ఉంది.

నీలవేణి రెండడుగులు వెనక్కి వేసింది. "ఎవుల్రా నోపల?" అని కేకేసింది. "ఎవుల్రా, సెప్పండ్రా!" అని మళ్ళీ అరిచింది. సముద్రం హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఎవడో తాగుబోతు తాళం ఊడబీకి, లోపలికి పోయే ధైర్యం లేక పారిపోయి ఉంటాడు అనుకుంది. తలుపు తోసి ఒక్కసారి తొంగిచూస్తే సరిపోయేది. కానీ తొంగిచూడడం కూడా దాటడం కిందికే వస్తుందని గురమ్మ చెప్పి ఉంది. అందుకని మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ గొళ్ళెం ఎక్కించి తాళం నొక్కింది.

తలుపుకి అవతల, నాలుగడుగుల దూరంలో ఎల్లాజీ నేలమీద పడి ఉన్నాడు.

జరిగింది ఇంతే. మలుపు దాటాక వంతెన దగ్గర ఆటో దిగిపోయాడు. సరుగుడు తోటలోంచి చుట్టూ తిరిగి వచ్చి, తన దగ్గరున్న రెండో చెవితో పెరటి తాళం తీశాడు. గూట్లోంచి కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వెనక్కి తిరుగుతుంటే వాళ్ళ నాన్నకి పడిపోయినట్టే కుడివైపంతా పడిపోయింది. నీలవేణి కేకలు వేసినప్పుడు అతనికి తెలివి లేదు. తెలివి వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంది, నోట్లోంచి మాట రాలేదు, ఎడం చెయ్యి ఒక్కటే అతని మాట వింటోంది.

నీలవేణి ఇవేమీ ఎరగదు. ఆ సాయంత్రమే జంక్షన్‌లోని కొట్టుకి నడిచివెళ్ళి అన్నిటికన్నా పెద్ద తాళం కొనుక్కొచ్చి పెరటి తలుపుకి అదీ తగిలించింది. "ఇంక ఏ నాకొడుకొచ్చినా ఈ తలుపు రాదు," అని గురమ్మతో గొప్పగా చెప్పుకుంది.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర్నుంచి బిందెలతో వస్తున్న ఆడవాళ్ళు ఆ ఇంటి ముందు ఆగిపోయారు. లోపల్నుంచి చప్పుడు. దబ్. కాస్సేపాగి, దబ్. నిలబడ్డ మనిషి తలుపు తట్టినట్టు పైనుంచి కాదు. కిందనుంచి, మంచం ఎత్తులోంచి. ఒకామె బిందె వదిలేసి పరుగెత్తింది.

ఆ చప్పుడు ఊరందరికీ తెలుసు. మాట పోయాక గంగరాజు దాహమేస్తే ఎడం అరచేతి మొదలుతో మంచంపట్టె మీద అలాగే కొట్టేవాడు. దబ్ దబ్ మని. వీధి అవతలికి వినబడేది. వినబడగానే నీలవేణి ఏ పనిలో ఉన్నా లేచి నీళ్ళు పట్టుకెళ్ళేది. ఆమె అతనికి చేసిన చాకిరీ సొంత కూతురు కూడా చెయ్యదని ఊళ్ళో పేరు. ఆ పేరు వెనక ఇంకో సంగతి ఉంది. చివర్లో ఆ చప్పుడు వింటే నీలవేణికి ఒళ్ళు మండేది. ఈ ముసలాడు ఎప్పుడు పోతాడురా దేవుడా అని ఆమె అనుకోని రోజు లేదు. పోయాక, అలా అనుకున్నందుకే ఈ ధనిష్ఠ తగులుకుందేమోనని కూడా అనుకుంది.

గురమ్మ వచ్చి చెవి ఒగ్గి విన్నది. గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మా అన్నే. దాహం తీరకుండా పోనాడు. కొత్త ముంతతో నీల్లెట్టండే, తాగి పోతాడు."

నీలవేణి కొత్త ముంత తెచ్చింది. నీళ్ళు నింపి, చిటికెడు పసుపు వేసి, కంప అవతలికి చెయ్యి సాచి వీధి గడప ముందు పెట్టింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి లోపలికి వినబడేలా చెప్పింది. "మావా, నానే, నీలని. నీల్లెట్టాను, తాగు. నీ కొడుకు సముద్రం మీదున్నాడు. ఆడి జోలికి పోకు మావా. నీకు దండమెడతాను, నా బావ నాకు కావాల."

ఆమె గొంతు వినగానే చప్పుడు ఎక్కువైంది. దబ్ దబ్ దబ్ మని వరసగా, తలుపు అడుగుచెక్క అదిరిపోయేలా. నిలబడ్డవాళ్ళంతా "ఓలమ్మో" అంటూ వెనక్కి జరిగారు. నీలవేణి కూడా లేచి పరుగందుకుంది. తలుపు చెక్క మందం ఎంతుంటుంది? అంతే దూరంలో, ఒకవైపు ఈడ్చుకుంటూ గది గది దాటి అక్కడిదాకా వచ్చిన ఎల్లాజీకి తన పెళ్ళాం పెట్టిన నీళ్ళు ఉన్నాయి.

మర్నాటికి ముంత ఖాళీ. ఏ కుక్క తాగిందో, ఏ కాకి తాగిందో. గంగరాజే తాగాడని గురమ్మ తేల్చేసింది. వీధంతా ఊపిరి పీల్చుకుంది. కాని చప్పుడు మాత్రం ఆగలేదు. మునుపటంత గట్టిగా లేదు, తెరిపి ఇచ్చి ఇచ్చి వస్తోంది.

"అమ్మా, ఏ పిల్లో నోపల ఇరుక్కుపోనాదేమో. ఓ పాలి తీసి సూద్దాం," అంది యమున.

నీలవేణి కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల మీద చెయ్యి చేసుకున్నది అదే మొదలు. "తలుపు తీసి మీ నాన్న పేణం తీస్తావేటి? ఇంకోసారి ఆ మాటంటే సంపేస్తాను."

యమున చెంప పట్టుకుని పాకలోకి పోయింది. నీలవేణికి అన్నం సయించలేదు. చెవుల్లో అదే చప్పుడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడుకి లేచి లేచి నడుం విరిగిపోయింది. చచ్చాక కూడా వదలడా? రేపు ఎల్లాజీ ఎక్కిన బోటు తిరగబడితే? ఈ ముసలాడు కొడుకుని కూడా లాక్కుపోవడానికే కొడుతున్నాడా? దుఃఖం, అలుపు, భయం అన్నీ కలిసి కోపమైపోయాయి. పొద్దుగుంకే వేళ ఒక్కతే లేచి విసవిసా ఆ ఇంటి దగ్గరికి వెళ్ళింది. వీధి అరుగు ముందు నిలబడింది. లోపల దబ్ మంది, చాలా నీరసంగా.

"ఇంకా ఏటి కావాల నీకు?" అని అరిచింది. "బతికున్నన్నాల్లూ నీ గూ ఎత్తాను, ఉచ్చ ఎత్తాను. ఇంక నా వల్ల కాదు. నీల్లూ ఇవ్వను, ఏటీ ఇవ్వను. నీ సేతులిరిగిపోనూ, కొట్టకు! సచ్చినోడివి సచ్చినట్టు పడుండు!"

చప్పుడు ఆగిపోయింది.

ఆమె కాస్సేపు చూసింది. చెవి ఒగ్గి విన్నది. ఇంకోసారి వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. తను గట్టిగా తిట్టబట్టే ముసలాడు దారికొచ్చాడని ఆమెకు గర్వంగా కూడా అనిపించింది. పాకలోకి వచ్చి కూతుర్ని దగ్గరికి తీసుకుని, కమిలిన చెంపకి కొబ్బరినూనె రాసి, ఆ రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయింది.

తెల్లారి ఫోను మోగింది. దేవేంద్ర. గాలి ఎక్కువైందని హెచ్చరిక రావడంతో బోట్లన్నీ వెనక్కి వచ్చేశాయట. "ఏమే నీలా, మీ ఆయన సెప్పాపెట్టకుండా మానీసినాడేటి? ఆడి కోసం సూసి సూసి ఆకరికి ఇంకోన్ని ఎక్కించుకుని పోనాను."

"అన్నా, బావ ఆ రోజే వొచ్చీసినాడు కదా నీ కాడికి?"

"ఎక్కడొచ్చినాడు? నానైతే సూడనేదు."

ఫోను యమున చేతికిచ్చేసి నీలవేణి ఆటోస్టాండుకి పరుగెత్తింది. ధనరాజ్ ఆటో తుడుచుకుంటున్నాడు. ఆమె అడగ్గానే తడుముకోకుండా చెప్పాడు. "వంతెన కాడ దిగిపోనాడు కదప్పా. కార్డు ఇంట్లో మర్సిపోనాను, నీకు సెప్పొద్దు, సెప్తే గోల సేస్తావన్నాడు. తెచ్చుకుని బస్సుకెల్తానన్నాడు."

నీలవేణి ఆ మాట చివరిదాకా వినలేదు. వేలాడుతున్న తాళం కళ్ళముందుకొచ్చింది. తను నొక్కిన తాళం. ఆ తర్వాత చప్పుడు. తను పెట్టిన నీళ్ళు. తను అన్న మాట. వీధిలో పరుగెడుతూ "బావా" అని ఆమె పెట్టిన కేకకి పాకల్లోంచి జనం బయటికి వచ్చేశారు.

వీధి గడప ముందున్న కంపని చేతుల్తో లాగి పడేసింది. ముళ్ళు గుచ్చుకున్న చేతుల్తో తాళంచెవి తిరగలేదు. వెనకే వచ్చిన ధనరాజ్ లాక్కుని తిప్పాడు. తలుపు తోస్తే సగందాకా వచ్చి ఆగింది, అడ్డంగా మనిషి ఉన్నాడు.

ఎల్లాజీ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. పెదాలు పేలిపోయి నల్లగా ఉన్నాయి. ఎడం అరచేతి మొదలు దగ్గర తోలు లేచిపోయి మాంసం కనబడుతోంది. తలుపు అడుగుచెక్క మీద ఆ మేర నెత్తురు ఎండిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఛాతీ లేచి పడుతోంది. బతికే ఉన్నాడు.

"అన్నా, ఓ సెయ్యెయ్యండి! బేగి రండి!" అని నీలవేణి వీధిలోకి చూసి అరిచింది. వీధిలో జనం ఉన్నారు. చిన్నప్పటి నుంచి ఎల్లాజీతో వలలు లాగినవాళ్ళు ఉన్నారు. అందరూ గడపకి అవతలే ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గురమ్మ చేతులు నలుపుకుంటూ అరుగు కింద నిలబడింది గాని అడుగు పైకి వెయ్యలేదు. చివరికి నీలవేణి, యమున, ధనరాజ్ ముగ్గురే ఆ మనిషిని ఈడ్చుకొచ్చి ఆటోలో వేసుకున్నారు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో కుర్రడాక్టరు చూసి, "ఎప్పుడు పడిపోయాడమ్మా?" అని అడిగాడు.

వెనక ఇంకో ఆటోలో వచ్చిన గురమ్మ ముందుకొచ్చి, "ఈ పొద్దేనండి బాబూ, ఇప్పుడే సూసినాం," అంది.

"కాదండి," అంది నీలవేణి. "మూడు రోజులైనాది. నోపల ఉన్నాడని తెలీక నానే తాళమేసినాను. నీల్ల కోసం కొట్టుకుంటంటే ఇన్నాను. ఇని కూడా తియ్యనేదు."

డాక్టరు రాస్తున్నవాడు తలెత్తి ఆమెని చూశాడు. తిడితే బాగుండుననుకుంది నీలవేణి. అతను తిట్టలేదు. "ఆ రోజే తీసుకొచ్చి ఉంటే చాలావరకు తిరిగొచ్చేది," అని మాత్రం అని మళ్ళీ రాసుకున్నాడు.

చాలా రోజుల తర్వాత ఇంటికి పంపించారు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఇక రావన్నారు. నీలవేణి పాకలోకి పోలేదు. తిన్నగా తన ఇంటికే తీసుకొచ్చింది. రెండు తలుపులూ బార్లా తెరిచి, పొయ్యి వెలిగించి, వీధి గదిలో మంచం వేసి పడుకోబెట్టింది. ఆరు నెలలు కాలేదని గుర్తుచేయడానికి ఎవరూ రాలేదు. గురమ్మ ఒక్కతే వచ్చి గడప అవతల నిలబడింది.

"సూసినావా, ఇల్లు పాడెట్టావు కాబట్టే పేణం దక్కినాది," అంది. "నేకపోతే అసలు మనిషే దక్కకపోను."

నీలవేణి ఆమె వైపు చూసింది. ఆ మాట ఆమె ఓదార్చడానికే అంటోందని, మనసారా నమ్మే అంటోందని తెలుసు. "అత్తా," అంది, "ఎల్లిపో. నా నోటెంట ఇంకో మాట రాకముందే ఎల్లిపో."

ఎడం చెయ్యి బాగుందన్నారు డాక్టర్లు. నిజంగానే బాగుంది. పుండు మానింది. యమున వేలు అందిస్తే గట్టిగా పట్టుకుంటాడు. దోమ వాలితే తోలుకుంటాడు. మంచంపట్టె ఆ చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాని ఎల్లాజీ ఏమీ అడగడు. దాహమేసినా కొట్టడు, పక్క తడిసినా కొట్టడు. ఎవరైనా చూసి ఇస్తే తాగుతాడు, చూడకపోతే అలాగే పడుంటాడు. ఒకసారి నీలవేణి చేపల దగ్గరికి వెళ్ళి ఆలస్యంగా వచ్చేసరికి పెదాలు మళ్ళీ పేలిపోయి ఉన్నాయి. పక్కింటివాళ్ళు వీరావళి నుంచి వచ్చేశారు. గోడకి అవతలే ఉన్నారు. ఒక్క దెబ్బ కొడితే పలికేవాళ్ళు.

ఆ రోజు నుంచి ఆమె చేపలకి పోవడం మానేసింది. ఊహించి ఊహించి నీళ్ళు పట్టుకొస్తుంది, ఊహించి పక్క మారుస్తుంది. యమున కాలేజీకి పోయాక ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు మంచం పక్కన కింద కూర్చుని చెబుతుంది. ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలియదు.

"నానన్నది నిన్ను కాదు బావా. మావని అన్నాను. నువ్వని అనుకోనేదు. నీ మీద ఒట్టు, నువ్వని అనుకోనేదు."

ఎల్లాజీ ఆమెను చూస్తాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె భరించేది. కోపం లేదు. చెప్పిన మాట వినే మనిషి చూపు అది.

"ఓ పాలి కొట్టు బావా," అని అతని ఎడం చెయ్యి పట్టుకుని మంచంపట్టె మీద పెడుతుంది. "నీల్లు కావాలని కొట్టు. ఎన్ని పాల్లైనా వొస్తాను. అర్దరేత్రైనా వొస్తాను. ఓ పాలి కొట్టు, నీ కాల్లట్టుకుంటాను."

ఆమె చెయ్యి వదిలేస్తుంది. ఎల్లాజీ తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని గుండెల మీద పెట్టుకుని, కదలకుండా పడుకుంటాడు.